పదిహేడో ఎక్కం నడక

మా బడిలో ఎనిమిదో తరగతి పై అంతస్తులో ఉంటుంది. కింది నుంచి 44 మెట్లు. పోయినేడు జూన్‌లో బడి తెరిచిన రోజున హాజరు పట్టీ, సుద్దముక్కల డబ్బా పట్టుకుని ఆ మెట్లెక్కి తరగతి గుమ్మంలో నిలబడ్డాను. పిల్లలు లేచి నమస్కారం చెప్పారు. తిరిగి చెప్పబోతే నాకు మాట రాలేదు. గుండె వచ్చి గొంతులో కొట్టుకుంటోంది. చెవుల్లో ఒకటే హోరు. ముందు బెంచీలో పిల్ల తన నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది. ఆ పిల్ల ముఖంలో కంగారు చూశాక నాకు నిజంగా భయమేసింది.

నేను లెక్కల టీచర్ని. ఊరు రాజమండ్రి. అప్పటికి నా వయసు 48, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. నా ఎత్తుకి ఉండాల్సిన దానికన్నా ఓ పాతిక కిలోలు ఎక్కువ. అంటే ఒక బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని రోజుకు నాలుగైదు సార్లు ఆ మెట్లెక్కుతున్నట్టు. బస్తా మోసే మనిషికి ఆయాసం వస్తే ఎవరూ గుండెజబ్బు అనుకోరు. నాకు మాత్రం గుండె ఆగిపోతుందేమో అనిపించింది. ఆ మర్నాటి నుంచి దడ పుట్టించే పని ఏదైనా మానేశాను. హెడ్మాస్టరుగారిని అడిగి కింది తరగతులు వేయించుకున్నాను. బజారుకి నడిచే దూరమైనా ఆటో పిలిచాను. రెండు నెలలు తిరిగేసరికి పెరట్లో బట్టలు ఆరేసి వచ్చినా ఆయాసమే. కదలడం తగ్గేకొద్దీ చిన్న పనికే గుండె దడదడలాడుతుందని, నేను చేసుకుంటున్నది సరిగ్గా అదేనని ఆ రెండు నెలలూ నాకెవరూ చెప్పలేదు. ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఆగస్టులో మా వీధి చివర ఒకచోట బీపీ చూపించుకున్నాను. నడిచి వెళ్లిన దాన్ని వెళ్లినట్టే స్టూలు మీద కూర్చోబెట్టారు. వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేదు. జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టారు. చుట్టు సరిపోక అంటించిన అంచు పటపటా ఊడొస్తుంటే, చూసే అబ్బాయి దాన్ని చేత్తో అదిమిపట్టి గాలి నింపాడు. 168/104 అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మిషను తీయకముందే టైలరు టేపు తీసి నా జబ్బ కొలిచారు. 36 సెంటీమీటర్లు. "టీచరుగారూ, మామూలు పట్టీ 32 దాకానే పనికొస్తుంది. మీకు పెద్దది కావాలి" అన్నారు. చిన్న పట్టీతో లావు జబ్బలోని రక్తనాళాన్ని నొక్కి మూయాలంటే ఎక్కువ గాలి కొట్టాలి. ఆ ఎక్కువ గాలే బీపీ లెక్కలో కలిసిపోతుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకి మామూలు పట్టీ కడితే పై అంకె 20 దాకా ఎక్కువ చూపించవచ్చు. ఇది కొత్తగా బయటపడ్డ సంగతి కాదు. జబ్బకి పట్టీ చుట్టి బీపీ చూసే పద్ధతిని 1896లో ఇటలీ డాక్టరు రివా రోచి తెచ్చాడు. ఆయన పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. సన్నటి పట్టీ బీపీని లేనంత ఎక్కువగా చూపిస్తోందని 1901లోనే ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ కనిపెట్టి దాన్ని వెడల్పు చేశాడు. నూట ఇరవై ఏళ్ల కిందట తేలిన విషయం మా వీధి చివరికి ఇంకా రాలేదు. లావుగా ఉన్నవాళ్లు బీపీ చూపించుకునేటప్పుడు "పెద్ద పట్టీ ఉందా అండీ?" అని నోరు విడిచి అడగాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆవిడ నన్ను ఐదు నిమిషాలు ఊరకే కూర్చోమన్నారు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది కాబట్టి ముందు వెళ్లిరమ్మన్నారు. అరగంట లోపల కాఫీ తాగలేదు కదా అని అడిగారు. అప్పుడు చూస్తే 154/98. రెండు నిమిషాలాగి మళ్లీ చూస్తే 150/96. ముందు రోజు చెప్పినంత లేదు. అలాగని లేదనడానికీ లేదు. 140/90 తాకితే బీపీ ఉన్నట్టే.

పై అంకె గుండె బిగిసి రక్తాన్ని నెట్టినప్పుడు నాళాల గోడల మీద పడే ఒత్తిడి. కింది అంకె రెండు దెబ్బల మధ్య గుండె సడలినప్పటిది. నాడి వేరే లెక్క, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. నాడి 100 ఉంటే బీపీ 100 అనుకునేవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే ఉన్నారు. ఒకటి పెరిగినప్పుడల్లా రెండోదీ పెరగాలని లేదు.

మిషను కొనుక్కున్నాను, పెద్ద పట్టీతో సహా. వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాయమన్నారు. మొదటి రోజువి కొట్టేసి మిగతా 24 అంకెల సగటు తీయమన్నారు. లెక్కల టీచరుకి ఇంతకన్నా ఇష్టమైన పని ఏముంటుంది! 146/94 వచ్చింది. ఇంట్లో చూసుకునేటప్పుడు హద్దు ఇంకా తక్కువ, 135/85. ఈసీజీ తీశారు. రక్తంలో సుగరు, కొలెస్ట్రాలు, కిడ్నీల పనితనం, థైరాయిడ్ చూశారు. రోజుకో మాత్ర రాశారు. చివర్న ఒక మాట అన్నారు. "మీ గుండెకి జబ్బేమీ లేదండీ. దానికి అలవాటు తప్పింది, అంతే. రోజూ నడవండి."

నడక అనగానే నాకు ఒక పాత చేదు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది ఒక జిమ్‌లో చేరాను. చేరిన రోజే ట్రెడ్‌మిల్ ఎక్కించారు. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది గుండె అత్యధిక వేగమని, అందులో 85 శాతం దాకా కొట్టుకోవాలని గోడ మీద పట్టిక. అప్పుడు నాకు 47. 173లో 85 శాతం అంటే 147. నాలుగో నిమిషానికే నాడి 160 దాటింది. భయపడి ఉన్నపళంగా ఆపేసి దిగాను. కళ్లు బైర్లు కమ్మాయి. కమ్మీ పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు జరిగిందేమిటో ఇప్పుడు తెలుసు. పరుగులో పిక్కల కండరాలు కాళ్లలోని రక్తాన్ని పైకి పిండుతుంటాయి. టక్కున ఆగితే ఆ పిండడం ఆగిపోతుంది, వెడల్పైన నాళాల్లో రక్తం కిందే ఉండిపోతుంది, తలకి అందదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ కళ్లు తిరగడం మరీ ఎక్కువ. అందుకే చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రావాలి. ఇక ఆ 220 సూత్రం సంగతి. 1970 ప్రాంతంలో అమెరికాలో ఫాక్స్, హాస్కెల్ అనే పరిశోధకులు అప్పటికున్న కొన్ని అధ్యయనాల అంకెల్ని గ్రాఫు మీద పెట్టి వాటి మధ్యగా ఒక గీత గీశారు. ఆ గీతే సూత్రమై కూర్చుంది. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం చాలా ఎక్కువ మంది అంకెలు తీసుకుని దాన్ని సవరించింది. వయసును 0.7తో హెచ్చవేసి 208 లోంచి తీసేయమంది. నా వయసుకి మొదటిది 172, రెండోది 174. తేడా పెద్దగా లేదు. గ్రాఫు చూసిన కళ్లకి అసలు విషయం వేరేచోట కనిపిస్తుంది. చుక్కలు గీతకి అటూ ఇటూ చెల్లాచెదరుగా ఉంటాయి. ఒకే వయసున్న ఇద్దరి గుండె అత్యధిక వేగాల్లో ఇరవై తేడా ఉన్నా అది మామూలే. సగటును తెచ్చి ఒక మనిషి మెడకి కట్టకూడదని తొమ్మిదో తరగతి పిల్లలకి నేనే చెబుతాను.

డాక్టరమ్మ నాకు సగం బలం పెట్టి నడవమన్నారు. అత్యధిక వేగంలో 64 నుంచి 76 శాతం, అంటే నాకు సుమారు 110 నుంచి 130. అంతకన్నా తేలికైన కొలత కూడా చెప్పారు. నడుస్తూ వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. పాట పాడగలిగితే ఇంకాస్త పెంచవచ్చు. రెండు మాటలకొకసారి ఊపిరి అందుకోవాల్సి వస్తే తగ్గించాలి. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నాలో నేను ఏం మాట్లాడుకోను? ఎక్కాలు చదివాను. పదిహేడో ఎక్కం ఎత్తుకున్నాను. పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్లు ముప్ఫైనాలుగు, పదిహేడు మూళ్లు యాభైఒకటి. మొదటి రోజు పుష్కరాల రేవు దగ్గర బయలుదేరితే ఎక్కంలో మూడో మెట్టు దగ్గరే ఊపిరి తెగింది. అడుగు నెమ్మది చేశాను. నది వరదకి ఎర్రగా, గట్టు ఒరుసుకుని పారుతోంది. ఏడు నిమిషాలు నడిచి ఆగాను. అంతే. ఆ ఏడు నిమిషాలకి సిగ్గుపడి నలభై నిమిషాలు నడిచి ఉంటే మర్నాడు మంచం దిగేదాన్ని కాదు.

నాడి చూసుకోవడం చాలా మందికి రాదు. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి మొదట్లో మణికట్టు ఎముక పక్కన ఉన్న పల్లంలో రెండు వేళ్లు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానిలో కొట్టుకునే నాడి తగిలి లెక్క తప్పుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. చేతి గడియారాలు చూపిస్తాయి కదా అంటారు. అవి చర్మం మీద పచ్చటి కాంతి వేసి రక్తం పొంగును చదువుతాయి. పట్టీ వదులైతే, చెయ్యి బాగా ఊగితే తప్పుతాయి. నాకు వేళ్లే నమ్మకం.

నేను రెండొందల పేజీల నోటుబుక్కులో గళ్లు గీసుకున్నాను. పొద్దున లేవగానే మంచం మీది నాడి, ఎన్ని నిమిషాల నడక, ఆపగానే నాడి, ఒక్క నిమిషం మెల్లగా నడిచాక నాడి. మొదటి రోజు గళ్లలో 92, 7, 126, 112 ఉన్నాయి. ఆ చివరి రెండింటి తేడాయే నాకు ధైర్యమిచ్చింది. దడ ఎంతకెక్కిందన్న దానికన్నా ఎంత త్వరగా దిగిందన్నది ముఖ్యం. పని ఆగాక మొదటి నిమిషంలో నాడి 12 కన్నా ఎక్కువ తగ్గాలని 1999లో అమెరికాలో క్లీవ్‌లాండ్ డాక్టర్లు వేలమందిని పరీక్షించి చెప్పారు. అంత తగ్గనివాళ్లకి తర్వాతి ఏళ్లలో ప్రమాదం ఎక్కువగా కనిపించింది. నాది 14 తగ్గింది. మెట్ల మీద నేను భయపడ్డ దడ మామూలు దడేనని ఆ అంకె చెప్పింది.

నడక మొదలెట్టిన వారంలోనే ఒక పొరపాటు చేశాను. గట్టు మీంచి ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పట్టీ కట్టుకున్నాను. 164/92. నడిస్తే బీపీ పెరుగుతోందని ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ అరగంట కూర్చుని మళ్లీ చూడమన్నారు. 134/86 వచ్చింది. నడిచేటప్పుడు కండరాలకి ఎక్కువ రక్తం కావాలి, గుండె గట్టిగా నెడుతుంది, పై అంకె పెరిగి తీరుతుంది. కింది అంకె పెద్దగా కదలదు. నడక ఆపి కుదుటపడ్డాక నాళాలు ఇంకా వెడల్పుగానే ఉంటాయి కాబట్టి బీపీ మొదటికన్నా కిందికి దిగి కొన్ని గంటలు అక్కడే ఉంటుంది. రోజూ నడిస్తే ఆ గంటలు కలిసిపోతాయి. నెలల మీద బీపీ ఉన్నవాళ్లకి పై అంకె ఐదు నుంచి ఎనిమిది దాకా తగ్గుతుంది. బరువు తగ్గితే కిలోకి సుమారు ఒక అంకె చొప్పున అది అదనం.

బీపీ పెరగకూడనంత పెరిగేది ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు. 1985లో కెనడా పరిశోధకులు బరువులెత్తే యువకుల రక్తనాళంలోకే సూది పెట్టి కొలిస్తే, కాళ్లతో పెద్ద బరువు తోసే క్షణంలో సగటున 320/250 కనిపించింది. గ్యాస్ బండ జరిపేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు మనమూ అలాగే ఊపిరి బిగబడతాం. ఎత్తేటప్పుడు గాలి వదలాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం నేను రోజు విడిచి రోజు చేస్తాను. లేచేటప్పుడు ఊపిరి వదులుతూ లేస్తాను.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఆయనకి నేను ఒక కథ చెప్పాను. లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టరు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, రెండంతస్తుల బస్సుల సిబ్బందిని వేల సంఖ్యలో పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకలాంటి జీతానికి పనిచేస్తారు. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చుంటాడు. కండక్టరు రోజుకి సుమారు ఆరొందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెపోట్లు కండక్టర్లలో డ్రైవర్లకన్నా సగం దగ్గరే ఉన్నాయి. డ్రైవర్లు లావు కాబట్టి అలా అయిందేమో అని కొందరన్నారు. మోరిస్ యూనిఫారం కుట్టించే లెక్కలు తెప్పించి ప్యాంటు నడుము కొలతలు చూశాడు. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయితే సన్నని కండక్టరుకైనా లావు కండక్టరుకైనా మెట్లెక్కే పని కాపుదలనిస్తూనే ఉంది. ఇది విని మా ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆదివారాలు నన్నూ లేపు" అన్నారు. మోరిస్ ఆ తర్వాత తానూ కసరత్తు మానలేదు. 99 ఏళ్లు బతికాడు.

నా నోటుబుక్కులో నాకు చాలా ఇష్టమైన కథ ఆ లావు కండక్టరుది. సన్నబడ్డాక కదులుదాం అని ఆగేవాళ్లు నా చుట్టూ చాలా మంది. గుండె అంతదాకా ఆగదు. దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు. హెచ్చవేస్తే ఐదు లీటర్లు. కూర్చున్నా పడుకున్నా అంత రక్తం నెట్టాలి. ఒళ్లు పెరిగితే నెట్టాల్సిన రక్తమూ పెరుగుతుంది. రోజూ నడిచే గుండె దెబ్బకి ఎక్కువ నెట్టడం నేర్చుకుంటుంది, అందుకని తక్కువ దెబ్బలతో సరిపెడుతుంది. పొద్దుటి నాడి దిగేది ఇందుకే. బరువు కదలకముందే అది దిగుతుంది. నాకు మూడో నెలలో బరువు ఒక కిలో కూడా తగ్గలేదు, పొద్దుటి నాడి మాత్రం 92 నుంచి 84కి వచ్చింది. తూకం మిషను ఒక్కటే ఉంటే అప్పుడే మానేసి ఉండేదాన్ని.

వారానికి రెండు నిమిషాల చొప్పున పెంచాను. ఏడు నుంచి 35కి పద్నాలుగు వారాలు పట్టాలి. నాకు ఇరవై పట్టింది. మధ్యలో మడమ నొప్పి వచ్చి మూడు వారాలు ఆగాను. పాత హవాయి చెప్పులతో నడవడం దానికి కారణం. మెత్తటి అడుగున్న బూట్లు కొనుక్కున్నాక తగ్గింది. ఆ మూడు వారాలూ కుర్చీ కసరత్తు మానలేదు. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ముక్కలుగా పూర్తి చేసినా చెల్లుతుంది. పది నిమిషాలకు తగ్గితే లెక్కలోకి రాదన్న పాత నియమాన్ని 2020లో తీసేశారు. వేసవిలో ఐదున్నరకల్లా ఇంటికి వచ్చేస్తాను. మా ఊరి ఎండలో, ఉక్కలో అదే నడకకి నాడి పది పదిహేను ఎక్కువ కొడుతుంది. చర్మాన్ని చల్లబరచడానికీ గుండె రక్తం పంపాలి కదా.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. బీపీ 180/110 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవాళ్లు ముందు మందుతో దించుకుని, డాక్టరు సరేనన్నాకే మొదలెట్టాలి. నడుస్తుండగా ఛాతీ మీద రాయి పెట్టినట్టు బరువుగా, బిగపట్టినట్టు ఉన్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చల్లటి చెమట పట్టినా, కళ్లు తిరిగి తూలినా వెంటనే ఆగి కూర్చోవాలి. గ్యాస్ అనుకుని ఇంటికి నడిచి రాకూడదు. 108కి ఫోన్ చేయాలి. అంకెలు బాగున్నాయని మాత్ర మానకూడదు. నేను ఎనిమిది నెలలకి 83 కిలోలకి వచ్చాను. బీపీ 128/82, పొద్దుటి నాడి 78. అందులో మాత్ర వాటా ఎంతో, ఆవకాయ తగ్గించిన వాటా ఎంతో, నడక వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాదు. డాక్టరమ్మ కూడా మాత్ర ఆపలేదు.

ఈ సంవత్సరం మళ్లీ ఎనిమిదో తరగతి అడిగి తీసుకున్నాను. 44 మెట్లెక్కాక నాడి ఇప్పటికీ 120 దాటుతుంది. పిల్లల నమస్కారానికి జవాబు చెప్పగలుగుతున్నాను.

పోయిన వారం అమలాపురం నుంచి అక్క వచ్చింది. నాకన్నా ఆరేళ్లు పెద్ద, నాకన్నా లావు. "నా వల్ల కాదే, నాలుగడుగులేస్తే ప్రాణం పోతుంది" అంది. నాడి చూస్తే 64. అక్క వేసుకునే బీటా బ్లాకర్ మాత్ర గుండెని పరిగెత్తనివ్వదు, అందుకని 110, 130 లెక్కలు ఆ మాత్ర వేసుకునేవాళ్లకి పనికిరావు. మాటే కొలత. డాక్టరుని అడిగి ఒప్పించి, మూడో రోజు తెల్లవారుజామున గట్టు మీదికి తీసుకెళ్లాను. అక్కకి ఎక్కాలు రావు. తను వచ్చిన బస్సు దారిలో ఊళ్ల పేర్లు వరసగా చెప్పమన్నాను. అమలాపురం, అంబాజీపేట అంటూ మొదలెట్టింది. కొత్తపేట దగ్గర ఊపిరి అందుకుంది. అడుగు నెమ్మది చేయించాను. రావులపాలెం, జొన్నాడ, వేమగిరి. రాజమండ్రి అనేసరికి మార్కండేయస్వామి గుడి కనిపిస్తోంది. గడియారంలో ఆరు నిమిషాలయింది. "చాలు అక్కా" అన్నాను. "తిరుగు బస్సు కూడా చెబుతాను ఉండు" అంది.